తొంభై ఏడో కవరు

ఊపిరితిత్తుల వార్డు పక్కనే మందుల గది. పన్నెండేళ్లుగా దాన్ని ఒంటిచేత్తో నడిపిస్తున్నది ఆవిడే. ఆవిడ చేతిలో ఒక్క మందు కూడా తారుమారు కాలేదని పెద్ద డాక్టరు పదిమందిలో చెప్పేవాడు. పాపం, ఆయనకేం తెలుసు.

ఆరు నెలలుగా వార్డులో రెండు మందులకు పోటీ నడుస్తోంది. ఊపిరితిత్తుల్లో చీము పట్టినవాళ్లకు పాత మందు మేలో, కొత్త మందు మేలో తేల్చాలి. ఎవరికి ఏది అన్నది వంద కవర్లలో రాసి అంటించారు. రోగి వచ్చిన వరసలో ఆవిడే కవరు విప్పాలి. వరస మాత్రం ఎవరూ మార్చకూడదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరొచ్చారు. ముందు ఒక ముసలి దర్జీ, తోడు ఎవరూ లేరు. పది నిమిషాలాగి, స్ట్రెచర్ మీద ఆవిడ తమ్ముడు. అమ్మ పోయాక ఆవిడే ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఆవిడ తర్వాతి కవర్లు రెండూ తీసుకెళ్లి ఎక్స్‌రేలు చూసే లైటు పెట్టె మీద ఆనించింది. లోపలి అక్షరాలు మసగ్గా తేలాయి. తొంభై ఏడులో కొత్త మందు. తొంభై ఎనిమిదిలో పాతది. కొత్తదే గెలుస్తుందని వార్డంతా అనుకుంటున్న రోజులవి. రిజిస్టరులో తమ్ముడు ఇరవై నిమిషాలు ముందే వచ్చినట్టు రాసేసింది.

తమ్ముడి కవరు ముందు విప్పడం చూసి దర్జీకి అర్థమైంది. పెదాల మధ్య సూది పెట్టుకుని మాట్లాడే అలవాటు ఆయనది, నల్లదారం ఇంకా వేలాడుతూనే ఉంది.

"నేనే కదమ్మా ముందొచ్చింది?"

"పడుకోండి తాతా. మందు మీకూ ఇస్తారు." సూది లాగేసి ట్రేలో పడేసింది.

నాలుగో రోజు దర్జీ పోయాడు. తమ్ముడు లేచి కూర్చున్నాడు. ఆవిడ సంతోషంతో ఏడ్చింది. ఆ ఏడుపులో ముసలాయన వాటా ఒక్క చుక్క కూడా లేదు.

మూడు వారాలకు, సరిగ్గా తమ్ముణ్ణి ఇంటికి పంపే రోజు, పోటీ ఫలితం తేలింది.

"రెండూ ఒకటేనమ్మా. పిసరంత తేడా లేదు," అన్నాడు పెద్ద డాక్టరు.

అంటే ఆవిడ ముసలాయన దగ్గర కాజేసింది ఏమీ లేదు. వరస తప్ప.

సామాను సర్దడానికి వార్డులోకి వెళ్లింది. కిటికీలకు తెరలు దించి ఉన్నాయి. ఫినాయిల్ వాసన మధ్య ఎక్కడినుంచో కుట్టుమిషను నూనె వాసన. తమ్ముడు మంచం మీద వంగి కూర్చుని దుప్పటి అంచును జానలతో కొలుస్తున్నాడు. వాడికి చొక్కా గుండీ కుట్టుకోవడం కూడా రాదు.

"ఏం చేస్తున్నావురా?"

వాడు తలెత్తలేదు. పెదాలు బిగించే మాట్లాడాడు.

"నేనే కదమ్మా... ముందొచ్చింది?"



"అలా చూస్తావేంటక్కా?" అన్నాడు అంతలోనే, తన మామూలు గొంతుతో. "ఛాతీలో ఏదో గుచ్చుకుంటోంది."

పొద్దున తీసిన ఎక్స్‌రే పట్టుకుని లైటు పెట్టె దగ్గరికి పరిగెత్తింది. అదే పెట్టె. లైటు వేసింది. చీము ఎక్కడా లేదు. ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది. దాని మధ్యలో... సన్నగా, తెల్లగా... సూది.

బెజ్జంలో దారం కూడా ఉంది. ఎక్స్‌రేలో దారం పడదు. ఇది పడింది. మెలికలు తిరుగుతూ ఫిల్ము అంచుదాకా వెళ్లింది.

ఆవిడ గొంతులో గరగర. దగ్గింది. నాలుక మీద వెంట్రుకలాంటిది తగిలింది. రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. నల్లదారం కొస. భయంభయంగా కాస్త లాగింది.

గోడ అవతల, వార్డులో తమ్ముడు కెవ్వుమన్నాడు.

చటుక్కున వదిలేసింది. ఇప్పుడు అటునుంచి ఎవరో... మెల్లగా... లాగుతున్నారు.