వినబడని గంట

తలుపు తట్టి లోపలికి వచ్చిన అమ్మాయి కూర్చోలేదు. ల్యాప్‌టాప్‌ను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని గది మధ్యలో నిలబడిపోయింది.

"నన్ను దొంగ అంటున్నారు మేడమ్. అంటున్నది మాలోనే ఎవరో."

డిటెక్టివ్ కళ్ళజోడు పైకి తోసుకుంది. ఒకప్పుడు కోర్టులో సాక్షులకు చెమటలు పట్టించిన లాయరు ఆమె. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. ఆమె అసిస్టెంటు స్వయానా మరిది. వదిన తెలివి మీద అతనికున్న నమ్మకం వదినకు కూడా లేదు. అప్పటికే కుర్చీ లాగి వేశాడు.

"ముందు కూర్చోమ్మా. ఏం దొంగిలించావట?"

"ఆట మేడమ్. వీడియో గేమ్."

ఆమె తయారుచేసింది కత్తియుద్ధాల ఆట. వచ్చే వారం విడుదల. నిన్న పబ్లిషర్‌కు ఎవరో ఊరూపేరూ లేని వీడియో పంపారు. తెరకు ఒకపక్క ఆమె ఆట, మరోపక్క పేరుమోసిన పాత ఆటలు. హీరో గాల్లో రెండోసారి ఎగరడం ఫలానా ఆటలోది. దొర్లి దెబ్బ తప్పించుకోవడం ఫలానాది. మంట దగ్గర కూర్చుంటే ప్రాణం నిండడం ఇంకో ఆటలోది. చివర్లో ఒకటే వాక్యం: 'ఇందులో ఈవిడ సొంతం ఏది?'

"నిజంగా తీసుకున్నావా?"

"తీసుకున్నా మేడమ్. అందరూ తీసుకుంటారు. ఎవరో ఒకరు హీరోని గాల్లో రెండోసారి ఎగరేశారు, అప్పట్నుంచీ ప్రతి హీరో ఎగురుతూనే ఉన్నాడు. తీసుకున్నదానికి మనదేదో కలపాలి, అంతే."

"అవును వదినా," అన్నాడు మరిది ఉత్సాహంగా. "దొర్లడం లేకపోతే అసలు ఆడబుద్ధే కాదు."

"నీ డిగ్రీ ఎందుకు అటకెక్కిందో ఇప్పుడర్థమైంది. మరి భయం దేనికమ్మా?"

"ఆ వీడియోలో మా చివరి రాక్షసుడున్నాడు. బయటివాళ్ళెవరూ వాణ్ణి చూడలేదు. పబ్లిషర్ రేపొస్తున్నారు. ఇంటిదొంగ ఎవరో తేలకపోతే ఆట ఆపేస్తారు. ఇక నా మొహం ఎవరూ చూడరు."

వీడియో పెట్టింది. శబ్దం లేదు. తెర మీద కొండంత రాక్షసుడు, ఎదురుగా చిన్న కత్తివీరుడు. రాక్షసుడు దీపాలన్నీ ఊదేశాడు. తెరంతా కటిక చీకటి, మూలన హీరో ప్రాణాన్ని చూపే ఎర్ర గీత తప్ప. ఆ గీత తగ్గలేదు. కాసేపటికి వెలుగు వచ్చింది. రాక్షసుడు కూలాడు. వీడియో అక్కడితో తెగిపోయింది.

"బాగా ఆడాడే," అంది డిటెక్టివ్. చీకటి భాగాన్ని మళ్ళీ వేయించుకుని చూసింది.

స్టూడియో ఒక దర్జీ దుకాణం పైన ఉంది. కింద కుట్టుమిషన్ల రొద, పైన కాళ్ళకు చుట్టుకునే వైర్లు. ఆ రాక్షసుడి దాకా ఉన్న కాపీ ముగ్గురి దగ్గరే ఉంది.

మొదట బొమ్మలు వేసే ఆవిడ. అందరూ బొమ్మలక్క అంటారు.

"ఆట పోస్టరు మీద ఎవరి ఫొటో ఉందో చూశారా? మీ దగ్గరికొచ్చిందే, ఆవిడదే," అంది మూతి తిప్పుతూ. "ఆ రాక్షసుడి ఒంటి మీద పొలుసు పొలుసునా గీసింది నేను. వాడి వెనక తలుపు అవతల గదీ నేనే గీశా. అందులో ఏముందో మాత్రం అడక్కండి, ఒట్టు వేయించుకుంది."

"కుళ్ళుగా ఉందా?"

"ఎందుకుండదు? ఉప్పూకారం తింటున్నాగా! కానీ నాకు ఆడటం రాదు మేడమ్. మొదటి మెట్టు మీదే చస్తాను."

రెండోవాడు రోజంతా ఆట ఆడి తప్పులు పట్టే కుర్రాడు. ముద్దుపేరు వేళ్ళరాజు.

"ఎదురు కంపెనీలో నాలాంటోడికి సొంత గది ఇచ్చారు. నాకేమో ఈ మెట్ల కింద గూడు," అన్నాడు.

"రాక్షసుణ్ణి చంపావా?"

"వెలుగున్నంతసేపూ నాకు వాడో లెక్కా? చీకటి పడితే మాత్రం చస్తున్నా. దెబ్బ ఎటునుంచి వస్తుందో ప్రతిసారీ మారుతుంది. కొట్టే ముందు వాడి మెడలో గంట మోగాలి, ఆ వైపు నుంచి తప్పుకోవాలి. అన్నగారు గంట పెట్టేదాకా నా బతుకింతే."

అన్నగారంటే ఆ అమ్మాయి సొంత అన్నయ్య. ఆటకు శబ్దాలు చేస్తాడు. తన గదిలో ఇద్దరికీ టీ తానే పోసి ఇచ్చాడు. గోడ మీద వెలిసిపోయిన పోస్టరు: చిరిగిన గొడుగు పట్టుకున్న ఒక బక్క కుర్రాడు.

"నా మొదటి ఆట. ఎవరూ కొనలేదు," అని నవ్వాడు. "చీకటి గదుల్లో చప్పుడు విని నడవాలి. మా చెల్లి చిన్నప్పుడు దాన్నే తెగ ఆడేది. ఇప్పుడు దాని తెలివి ముందు నేనెంతండీ?"

"గంట ఎంతవరకూ వచ్చింది?"

"సగంలోనే ఉంది. నా కంప్యూటర్ దాటి ఇంకా బయటికి పోలేదు. చెల్లికి కూడా వినిపించలేదు."

మెట్లు దిగుతూ మరిది గొణిగాడు. "ఆ వేళ్ళవాడే వదినా! అంత బాగా ఆడేది వాడొక్కడే."

"చీకట్లో కళ్ళు మూసుకుని రోడ్డు దాటగలవా అబ్బాయ్?"

"కళ్ళు మూసుకుంటే ఎలా? హారనైనా వినబడాలిగా."

వదిన నవ్వుతూ ముందుకు నడిచింది.

మర్నాడు పొద్దున్న పబ్లిషర్‌తో సహా అందరూ అన్నగారి గదిలో ఇరుక్కుని కూర్చున్నారు.

"ఈ ఇంట్లో అసూయ లేనివాళ్ళు లేరు," అంది డిటెక్టివ్. "బొమ్మలక్క, వేళ్ళరాజు దాన్ని నోటితో కక్కేశారు. అలా కక్కినవాళ్ళకు కడుపు తేలికపడుతుంది. ఇక వీడియో సంగతి. చీకట్లో దెబ్బ ఎటునుంచైనా వస్తుంది. ఆడినవాడు ఒక్కటీ తినలేదు. కళ్ళకు కనబడదు కాబట్టి చెవులతో విన్నాడు. గంట ఉన్న కంప్యూటర్ ఒక్కటే. అది ఈయన బల్ల మీద ఉంది."

అన్నగారు టీ కప్పు కింద పెట్టాడు. "వీడియోలో శబ్దమే లేదుగా!"

"అందుకే లేదు. గంట వినిపిస్తే చేసింది ఎవరో వీధి వీధంతా తెలిసేది. వీడియో నోరు నొక్కారు గానీ, గంట విన్న చేతుల్ని దాచలేకపోయారు." ఆమె పోస్టరు వైపు చూసింది. "ఇంకో సంగతి. అందరి ఆటల్లోంచీ మీ చెల్లి ఏమేం తీసుకుందో ఏకరువు పెట్టారు. అన్నిటికంటే పెద్ద అప్పు, చీకట్లో చప్పుడు విని కొట్లాడడం. అది మీ ఆటలోది. దాని ఊసే లేదు. ఎత్తితే మీ పేరు బయటపడుతుంది. ఎత్తకపోతే గొంతులో ముల్లు. మింగేశారు."

అన్నగారు కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"నాదే అది!" అని అరిచాడు. "నేను చేస్తే ఒక్కడూ ముట్టుకోలేదు. అదే చీకటి ఇది పెడితే 'ఎంత కొత్తగా ఉంది' అని మీరంతా మెచ్చుకుంటున్నారు! నేను దానికి గంటలు మోగించుకుంటూ కూర్చోవాలా?"

చెల్లెలు లేచింది. అన్నయ్యను పక్కకు జరిపి, అతని కంప్యూటర్ ముందు కూర్చుని ఆట మొదలుపెట్టింది. దీపాలు ఆరాయి. అందరికీ వినబడేలా మొదటిసారి గంట మోగింది. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ. ఆమె వేళ్ళు ఆ గంటను చిన్నప్పటి నుంచీ ఎరిగినట్టు కదిలాయి. రాక్షసుడు కూలాడు.

"నువ్వు ఇక్కడ ఆపేశావు," అంది. "గెలిచాగా, ఇంకేం చూడాలిలే అనుకున్నావు."

రాక్షసుడి వెనక తలుపు తెరుచుకుంది. చిన్న గది. మంట పక్కన చిరిగిన గొడుగు పట్టుకుని ఒక బక్క కుర్రాడు కూర్చున్నాడు. లేచి, తన లాంతరు హీరో చేతికిచ్చాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి: 'చీకట్లో నడవడం నాకు నేర్పింది ఇతనే.'

"విడుదల రోజు చూపిద్దామనుకున్నా," అంది చెల్లెలు.

అన్నగారు తెర దగ్గరికి వంగి చూశాడు. చివరికి అన్నదేమో ఇది: "గొడుగు చిరుగు... అటు కాదు. ఎడమ పక్కనుండాలి."

"బొమ్మలక్క దిద్దుతుంది," అంది ఆమె కళ్ళు తుడుచుకోకుండానే. "ఈ కుర్రాడు ఈ ఆటలోనే ఉంటాడు. నువ్వు మాత్రం నీ సామాను సర్దుకో అన్నయ్యా."

పబ్లిషర్ గొంతు సవరించుకున్నాడు. "వచ్చే వారమే విడుదల. ఆటలో ఈ చివరి గదిని మాత్రం ఎవరూ మార్చకండి."

సాయంత్రం ఆఫీసుకు తాళం వేస్తూ డిటెక్టివ్ వెనక్కి తిరిగింది. మరిది గుమ్మం పైన బోర్డునే చూస్తున్నాడు. దాని మీద ఆమె పేరొక్కటే ఉంది.

"ఏంటలా చూస్తున్నావ్?"

"ఏం లేదు వదినా. బోర్డు మీద కింద చాలా ఖాళీ ఉంది కదా అని."

ఆమె తాళంచెవి సంచిలో వేసుకుంది. రెండు మెట్లు దిగి ఆగింది.

"రేపు పెయింటర్ని పిలిపించు. నీ పేరు అక్షరాలు మాత్రం నావాటి కంటే పెద్దవి కాకూడదు, ముందే చెప్తున్నా."