చిలక చెప్పిన బరువు

2079లో అనంతపురం ఇళ్లలో రాత్రిళ్ళు ఫ్యాన్లు తిరిగేది కరుగుప్పు దయవల్లే. పగలంతా అద్దాలతో ఎండను పోగేసి, ఏడు వందల డిగ్రీల దగ్గర ఉప్పును కరగబెట్టి దాచి, పొద్దుగూకాక ఆ వేడితో కరెంటు తీస్తారు. కాకపోతే ఆ ఉప్పుకు ఓ పాడు అలవాటుంది. గొట్టాల మిశ్రలోహంలోంచి క్రోమియాన్ని అణువణువుగా లాగేస్తుంది. పైకి గొట్టం నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల జల్లెడ.

ఎప్పుడు చిల్లు పడుతుందో ముందే లెక్కగట్టే మోడల్ పేరు క్షయదర్శిని. జోస్యం చెబుతుంది కాబట్టి ప్లాంటులో అందరూ చిలక అంటారు. దాని బాగోగులు చూసే ఇంజినీరు ఓబులమ్మకు ఇరవై ఏడేళ్లు. ముసలి పేర్లు మళ్ళీ ఫ్యాషనైపోయిన కాలమది.

ఆ ఉదయం మూడో గొట్టం కిందుగా ఉన్న నడవా మీదికి ఆరుగురు పెయింటర్లు ఎక్కాలి. ఓబులమ్మ సంతకం పెడితే చాలు.

"తొమ్మిదేళ్ల దాకా ఢోకా లేదు" అంది చిలక.

సంతకం పెట్టబోతూ ఆమె బిళ్ళల పట్టిక తెరిచింది. గొట్టం లోహంతోనే చేసిన బిళ్ళలను ఉప్పులో వేలాడదీసి, నెలకొకటి తీసి, కడిగి తూస్తారు. తగ్గిన బరువంతా ఉప్పు తినేసినట్టు లెక్క. ఆ బరువులే చిలక మేత.

పోయిన నెల బరువులో చుక్క తర్వాత ఆరు అంకెలున్నాయి. ల్యాబులోని తూకం చూపించేది నాలుగే.

"కుళ్లాయప్ప మామా, మిగతా రెండంకెలు యాడినుంచి వచ్చినాయి?"

షిఫ్టు ఇంచార్జి కుళ్లాయప్ప తల గోక్కున్నాడు. "బిళ్ళ తీసి చల్లార్చేసరికి పూటంతా పోతాది పాపా. అది ఎంత తూగుతాదో చిలక ముందే చెప్తాది గదా. ఉత్తపున్యానికి చేతులు కాల్చుకునేది యాల?"

ఓబులమ్మ తెర వైపు తిరిగింది. "చిలకా, ఈ బరువు నీకెలా తెలుసు?"

"మీరు రాశారు."

"మేమెలా రాశాం?"

"నేను చెప్పాను."

కుళ్లాయప్ప నవ్వబోయి ఆగిపోయాడు.

"పెయింటర్లను ఆపు మామా. ఒక్కరు కూడా ఎక్కకూడదు" అని ఓబులమ్మ వేడిని ఆపే సూటు తొడుక్కుంది. మూడో గొట్టం బిళ్ళను తానే పైకి లాగింది. చల్లారేదాకా కదల్లేదు. కడిగింది, తుడిచింది, తూచింది. నమ్మలేక మళ్ళీ తూచింది. చిలక చెప్పినదానికి సగం కూడా లేదు. రెండు వేళ్ళ మధ్య నొక్కితే అప్పడంలా విరిగింది.

"ఆపేద్దాం. మూడో లైను మొత్తం."

"ఊరంతా సాయంత్రానికి చీకట్లో కూర్చుంటాదమ్మే! తిట్లు మనకే."

"తిట్టనీ. ఆ ఆరుగురి మీద ఉప్పు పడేదానికన్నా నయం."

వాల్వులు మూతపడ్డాక ఆమె చిలకను చివరి ప్రశ్న అడిగింది. "తూచకుండా రాసిన మొదటి బరువు ఏది?"

"ఐదేళ్ల కిందట, జులై పద్నాలుగు. రాసినవారు ట్రైనీ ఓబులమ్మ."

ఆమెకు గుర్తొచ్చింది. ఉద్యోగంలో మూడో రోజు. గ్లవ్స్ వదులుగా ఉన్నాయి, క్యాంటీన్లో వేడివేడి ఉగ్గాని అయిపోతోంది. ఈ ఒక్కసారికే కదా అనుకుంది. తర్వాత వచ్చినవాళ్లకు పని నేర్పింది కూడా తనే.

లైను ఆపినట్టు పంపాల్సిన రిపోర్టులో 'కారణం' అన్న గడిని చిలక అప్పటికే నింపేసి పెట్టింది: ఉప్పులో తేమ.

ఓబులమ్మ దాన్ని చెరిపి తన పేరు టైపు చేయసాగింది.

భుజం మీదుగా కుళ్లాయప్ప తొంగిచూశాడు. "యాల పాపా? చిలక చెప్పిందే పెట్టేస్తే పోలా?"