లాప్‌టాప్‌కి పెట్టిన ఫ్యాను

పెనం మీద దోసె ఇంకా తిరగెయ్యలేదు, వీపు మీద గాలి ఆగిపోయింది. ఆరాధన వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు పుల్లమ్మ స్టాండు ఫ్యాను మెడ పట్టుకుని, వైరు చేతికి చుట్టుకుంటూ, దాన్ని వంటింటి గడప దాటిస్తోంది.

ఫెబా లాప్‌టాప్ కాలిపోతోందట, వచ్చే మంగళవారం పరీక్ష అయ్యేదాకా ఫ్యాను ఆ గదిలో ఉంటుందట. పుల్లమ్మ ఈ రెండు ముక్కలు నడుస్తూనే చెప్పి వెళ్ళిపోయింది. పెనం మీది దోసె మాడింది. ఆ మాడిన దోసె ఆరాధనే తింది, ఎవరికీ పెట్టకుండా, కావాలని.

ప్రత్తిపాడులో ఆ మూడు గదుల స్లాబు ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. ఆరాధన పెద్దకోడలు. భర్త జయపాల్ కౌలుకి మిరప వేస్తాడు. చిన్నకోడలు ఫెబా వాడరేవు పిల్ల, వచ్చి ఏడాదిన్నర. ఆమె భర్త ఏసుబాబు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు. పెళ్ళయ్యాక ఫెబా ఖాళీగా కూర్చోలేదు. ఏసుబాబు కొన్న పాత లాప్‌టాప్ ముందు ఆరు నెలలుగా మెడికల్ కోడింగ్, అంటే ఆసుపత్రి కాగితాల్లో జబ్బులకి నంబర్లు వేసే పని, నేర్చుకుంటోంది. చివరి పరీక్ష ఇంట్లో కూర్చునే రాయాలి. మూడు గంటలు, కెమెరా ముందు. మధ్యలో మెషిన్ ఆగిపోతే మనిషి లేచి వెళ్ళినట్టే లెక్క, పరీక్ష పోయినట్టే. నెగ్గితే ఇంటి నుంచే ఉద్యోగం.

ఇంటికి ఇద్దరు కోడళ్ళని ఊరంతా అనుకుంటుంది గానీ, ముగ్గురనీ, ఆ మూడో కోడలు లాప్‌టాపనీ, దానికే మర్యాద ఎక్కువనీ ఆరాధనకి ఎప్పుడో తెలిసిపోయింది. ఫెబా దాన్ని తెరిచిందంటే మిక్సీ వెయ్యకూడదు. ఆరాధన కూతురు మహిమ గట్టిగా నవ్వకూడదు. కిటికీకి తడిగుడ్డ కట్టాలి. పుల్లమ్మ టీ గ్లాసు పట్టుకెళ్ళి, తలుపు మీద మెల్లగా కొట్టి, లోపల క్లాసు నడుస్తోందేమో చూసి మరీ ఇస్తుంది. కోడలిగా వచ్చిన ఈ పదిహేనేళ్ళలో ఆ చేతులతో ఆరాధనకి మంచినీళ్ళ గ్లాసు అందింది లేదు.

ఆరాధన కూడా చదువుకున్నదే. టీచర్ ట్రైనింగ్ అయింది, రెండేళ్ళు ఓ ప్రైవేటు బళ్ళో చెప్పింది. అత్తగారి కాలు విరిగినప్పుడు మానేసింది. మళ్ళీ వెళ్ళమని ఎవరూ అనలేదు, తనూ అడగలేదు. ఇప్పుడు పక్కగదిలో ఒకమ్మాయి చదువుకుంటుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూస్తే ఆమెకి కడుపు రగిలిపోయేది. కుళ్ళు అని తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గుతుందా.

అన్నిటికన్నా మంట ఆ ఫ్యాను. మహిమకి మూడో నెల దాటాక తనని అత్తారింటికి పంపిస్తూ, చంటిదానికి చెమట పట్టకుండా అని ఆరాధన తల్లి కొనిచ్చింది. ఆవిడ పోయి నాలుగేళ్ళు. పెద్దదై మహిమ దాన్ని వదిలేశాక, దాన్ని వంటింట్లో పెట్టుకుంది. పొయ్యి దగ్గర వీపుకి ఆ గాలి తగులుతుంటే, అమ్మ వెనకాల నిలబడ్డట్టు ఉండేది.

బుధవారం మధ్యాహ్నం పుల్లమ్మ ఫెబాని వెంటబెట్టుకుని చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళింది. ఇంట్లో ఆరాధన ఒక్కతే. ఏడాదికి సరిపడా కారం పట్టించాలని జయపాల్ ఇరవై కిలోల ఎండుమిరపకాయలు వరండాలో పోయించాడు. తొడిమలు తియ్యాలి.

తొడిమలు తీసేవాళ్ళకి మొదట తెలియాల్సింది గాలి సంగతి. గాలి వీపుకి పెట్టుకుని కూర్చోవాలి. అప్పుడు ఘాటు ముందుకి పోతుంది, మన ముక్కులోకి రాదు. ఆరాధన ఫెబా గదిలోకి వెళ్ళి తన ఫ్యాను తను తెచ్చుకుంది. లాప్‌టాప్ మంచం మీద, దూదిపరుపు మధ్యలో, ఏవో పాఠాలు దించుకుంటూ గుర్రుమంటోంది.

వరండాలో రెండు రకాలుగా కూర్చోవచ్చు. వాకిటివైపు తిరిగితే ఘాటు వీధిలోకి పోతుంది. ఫెబా గదివైపు తిరిగితే గదిలోకి. తలుపు తీసే ఉంది. లేచి వెయ్యడానికి నాలుగు అడుగులు. ఆరాధన ఆ తలుపు వంక కాసేపు చూసింది. తర్వాత గదివైపు తిరిగి కూర్చుని, ఫ్యాను వీపు వెనక పెట్టుకుని, మిరపకాయ అందుకుంది.

రెండు గంటలు తీసింది. వాళ్ళు వచ్చే వేళకి ఫ్యాను మళ్ళీ గదిలో ఉంది, దుప్పటి దులిపి ఉంది. లాప్‌టాప్‌ని మాత్రం ముట్టుకోలేదు. సాయంత్రం ఫెబా తుమ్ముతుంటే పుల్లమ్మ జలుబనుకుని మిరియాల పాలు కాచి ఇచ్చింది. ఆ పాలగ్లాసు చూసి ఆరాధనకి తను చేసింది తక్కువే అనిపించింది. ఆ క్షణానికి అంతే అనిపించింది.

గురువారం నుంచి లాప్‌టాప్ మోత వంటింట్లోకి వినిపించసాగింది. శనివారం పొద్దున ఫెబా నమూనా పరీక్ష రాస్తుండగా నలభయ్యో నిమిషంలో చటుక్కున ఆగిపోయింది. చల్లారాక వెలిగించింది, మళ్ళీ ఆగింది. ఫెబా గడప మీద కూర్చుని శబ్దం లేకుండా ఏడ్చింది. ఏసుబాబుకి సెలవు దొరకలేదు. సీజను, లారీలు వరస కట్టి ఉన్నాయి. సోమవారం గుంటూరుకి తను తీసుకెళ్తానని ఆరాధన అంది. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల. తోటివాళ్ళ మీద కక్ష ఉంటే అది వదిలేసుకున్నాకే బల్ల దగ్గరికి రమ్మని పాస్టరుగారు ప్రతిసారీ చెప్తారు. చాలామంది ఆ మాట విని, ముసుగు సర్దుకుని, వచ్చేస్తారు. ఆ రోజు ఆడవాళ్ళ వరస లేచినప్పుడు ఆరాధన లేవలేదు. పక్కన పుల్లమ్మ లేచి, ఆగి, కిందికి చూసి, ముందుకి వెళ్ళింది. పదిహేనేళ్ళలో పెద్దకోడలు బల్లకి రాకపోవడం ఇదే మొదలు. సంఘమంతా చూసింది.

ఇంటికి వచ్చాక పుల్లమ్మ అన్నం ముందు కూర్చోలేదు.

"ఎవరి మీదమ్మా కోపం?" అంది నెమ్మదిగానే.

"మీ మీదే అత్తయ్యా. పదిహేనేళ్ళుగా ఆ పొయ్యి దగ్గర ఉడుకుతున్నాను. నాకు గాలి తగులుతోందో లేదో ఒక్కరోజన్నా చూశారా? నిన్నగాక మొన్న వచ్చిన లాప్‌టాప్ వేడెక్కుతోందని మా అమ్మ ఇచ్చిన ఫ్యాను ఎత్తుకుపోయారు. అడగను కూడా అడగలేదు."

జయపాల్ ఏదో అనబోయాడు. పుల్లమ్మ చేత్తోనే ఆపింది.

"ఆ పిల్ల కొత్తది, పరాయిదానిలా మసులుతుంది, దాన్ని అడిగి చెయ్యాలనుకున్నా. నువ్వు నా మనిషివి. నా మనిషిని అడగడమేంటనుకున్నానమ్మా."

"మీ మనిషికి చెమట పట్టదా అత్తయ్యా?"

గుమ్మంలో ఫెబా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో. వెనక్కి వెళ్ళి ఫ్యాను ఎత్తుకొచ్చి, వంటింట్లో ఎప్పుడూ ఉండే చోట పెట్టింది.

"మీ అమ్మగారు ఇచ్చిందని నాకు తెలీదక్కా," అంది.

ఆరాధనకి కోపం అక్కడికక్కడే చల్లారింది. ఫ్యాను గురించి చెప్పగలిగింది గానీ, బుధవారం ఆ గదిలోకి పెట్టిన గాలి గురించి చెప్పలేకపోయింది.

సోమవారం పొద్దున్నే బస్సెక్కారు. అరండల్‌పేటలో ఓ మేడ మీద ఫర్హానా అనే ఆవిడ రిపేర్ల గది. నలభై ఏళ్ళుంటాయి, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు, వచ్చినవాళ్ళని ఎదురుగానే కూర్చోబెట్టి పని చేసే మనిషి. లాప్‌టాప్ బోర్లించి, స్క్రూలు విప్పి, అడుగు మూత తీసింది. తీయగానే వరసగా మూడుసార్లు తుమ్మింది. లేచి సీలింగ్ ఫ్యాను ఆపింది, ముక్కుకి గుడ్డ కట్టుకుంది.

"ఏంటమ్మా ఇది, లోపల పచ్చడి పెట్టారా?"

చిన్న ఫ్యాను రెక్కల మీద, పక్కన సన్నటి రేకుల మధ్య బూడిదరంగు దూది మందంగా పేరుకుని ఉంది. దాని మీద ఎర్రటి పొర. ఫర్హానా పుల్లతో ఆ పొర గీకి కాగితం మీద పెట్టింది.

"ఈ దూది ఆర్నెల్లది. పరుపు మీద పెట్టి వాడుతున్నారు కదూ? ఈ ఎరుపు మాత్రం మొన్న మొన్నటిది. ఇంత ఒక్కసారి ఎలా పట్టిందో."

"నాదే తప్పండీ," అంది ఫెబా. "ఇంట్లో మిరపకాయలు తీస్తారని తెలిసి కూడా తలుపు వేసుకోకుండా వెళ్ళాను."

ఆరాధన కాగితం మీది ఎర్రపొడి వంకే చూస్తోంది. ఆ పిల్ల తప్పు తన నెత్తిన వేసుకోవడం ఆమె భరించలేకపోయింది.

"కాదు ఫెబా. తలుపు తీసుందని నేను చూశాను. వాకిటివైపు కూర్చోవచ్చని తెలుసు. కావాలనే నీ గదివైపు కూర్చుని గాలి పెట్టాను."

ఫెబా ఆమె మొహంలోకి చూసి, తల తిప్పేసుకుంది. ఫర్హానా ఏమీ విననట్టు బ్రష్ అందుకుంది. రెక్క గిరగిరా తిరిగి పాడవకుండా దానికి పుల్ల అడ్డం పెట్టి, గాలిగొట్టంతో దుమ్ము ఊదింది. రేకుల మధ్య దూది పటకారుతో లాగింది. చిప్ మీద ఎండిపోయిన పాత పేస్టు తుడిచి కొత్తది రాసింది. చేతులు పని చేస్తుంటే నోరు జాగ్రత్తలు చెప్తూనే ఉంది. పరుపు మీద, దిండు మీద పెట్టొద్దు. గట్టి చెక్క మీద పెట్టి వెనకవైపు రెండు వేళ్ళ ఎత్తు లేపాలి. స్క్రీను మీద వాడని ప్రోగ్రాములన్నీ మూసెయ్యాలి. పనికి తగ్గ స్పీడు మీద ఉంచితే ఆ చిన్న ఫ్యాను అంత అరవదు, అంత అరగదు. మూణ్ణెల్లకోసారి కన్నాలు మెత్తటి బ్రష్‌తో తుడవాలి.

"స్టాండు ఫ్యాను తెచ్చి పెట్టాం కదండీ," అంది ఫెబా.

"అది అనవసరం. దుమ్మున్న ఇంట్లో ఎదురుగాలి కొడితే దుమ్ము లోపలికే పోతుంది. ఇది తన గాలి తనే పీల్చుకుంటుంది. ఆ పీల్చే చోటు మూసెయ్యకుండా వదిలితే చాలు."

మళ్ళీ వెలిగిస్తే, చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప చప్పుడు లేదు.

తిరుగుబస్సులో ఫెబా కిటికీవైపు కూర్చుంది. గుంటూరు దాటేదాకా, అక్కడి నుంచి కూడా మాట్లాడలేదంటే అది ఊరికే కాదని ఆరాధనకి తెలుసు. క్షమించమని అడగడానికి రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. ఊరు దగ్గర పడుతుండగా ఫెబాయే మాట్లాడింది.

"నాకు కోపంగా ఉందక్కా. రేపు పరీక్ష అయ్యాక కూడా ఉంటుందేమో. కానీ నాకూ నీ మీద కుళ్ళుంది, అది నీకు తెలీదు. అత్తయ్య నా గది తలుపు కొట్టి వస్తుంది, చుట్టాలింటికి వచ్చినట్టు. నీ దగ్గరికి ఏమీ కొట్టకుండా వచ్చి పక్కన కూలబడుతుంది. మీరంతా వంటింట్లో నవ్వుకుంటుంటే నేను లోపల కూర్చుని వింటాను. నేను వస్తే నవ్వు ఆపేస్తారు, నాకు క్లాసని."

ఆరాధన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ మర్యాద అనుకున్నది ఆ పిల్లకి గోడలా కనిపించిందన్నమాట. చెయ్యి చాపి ఫెబా చెయ్యి పట్టుకుంది. ఫెబా విడిపించుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు.

మంగళవారం పొద్దున ఆరాధన తను కూర్చుని కూరలు తరుక్కునే చెక్కపీట కడిగి, ఎండబెట్టి, తుడిచి ఫెబా గదిలోకి తెచ్చింది. బల్ల మీద పీట వేసి, దాని మీద లాప్‌టాప్ పెట్టి, వెనకవైపు కింద రెండు సీసా మూతలు దోపింది. వాకిట్లో దుమ్ము లేవకుండా రెండు బిందెలు నీళ్ళు చల్లింది. మిగిలిన మిరపకాయల మీద పట్టా కప్పి బరువులు పెట్టింది. పది గంటలకి పరీక్ష మొదలైంది. ఫెబా తలుపు వెయ్యనంది.

పదిన్నరకి వంటింటి తలుపు మీద ఎవరో మెల్లగా కొట్టారు.

ఆరాధన తిరిగి చూసింది. పుల్లమ్మ గడప అవతలే నిలబడి ఉంది. ఆ ఇంట్లో వంటింటి తలుపు కొట్టి వచ్చినవాళ్ళు ఇప్పటిదాకా లేరు.

"ఆరాధనా, ఆ పిల్లకి చెమట పోస్తోందమ్మా. మెషిన్‌కి కాదు, దానికే. నీ ఫ్యాను కాసేపు తీసుకెళ్ళనా? వద్దంటే వద్దు, విసనకర్ర ఉంది."

ఆరాధన స్టవ్ కట్టేసింది. ఫ్యానుని తనే గడప దాకా జరిపింది, అటు ఫెబా గది, ఇటు పొయ్యి. వెనకవైపు మీట ఒకటి ఉంటుంది, నొక్కితే ఫ్యాను మెడ అటూ ఇటూ తిరుగుతుంది. ఇన్నేళ్ళుగా ఎప్పుడూ ఒకవైపుకే పెట్టుకోవడంతో అది బిగుసుకుపోయింది. రెండు బొటనవేళ్ళతో అదిమింది. ఫ్యాను మూలిగి, మెడ కదిలించి, నెమ్మదిగా ఫెబా వైపు తిరిగింది. మళ్ళీ నెమ్మదిగా వెనక్కి వచ్చింది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అంది పుల్లమ్మ.

కంట్లో కారం పడిందని చెప్పింది ఆరాధన. ఆ పూట ఆమె ఇంకా కారం డబ్బా మూతే తియ్యలేదు. పుల్లమ్మ అది చూసింది. కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చి, కోడలి చేతికి ఇచ్చింది.