కండ కాదు, పురుగు

ముంజేతి మీద బఠాణీ గింజంత గట్టి ఉబ్బు తేలితే, జిమ్ కోచ్‌ని కదా, కొత్త కండ వచ్చిందనుకుని నెలంతా అద్దం ముందు మురిసిపోయాను. పక్కనే ఇంకోటి తేలేసరికి అమ్మ నన్ను స్కానింగ్‌కి లాక్కుపోయింది.

స్కానింగ్ డాక్టర్‌ది నా ఈడే. చేతి మీద చల్లటి జెల్ పూసి, తెర వైపు చూసింది.

"చాలా బాగుంది," అంది.

"థాంక్సండీ. రోజూ వ్యాయామం చేస్తాను."

"మీ చెయ్యి కాదు. లోపలున్నది. ఇదిగో నీటితిత్తి, అందులో తెల్లచుక్క దాని తల."

"దేని తల?"

"బద్దెపురుగు పిల్లది."

ప్రేమలో పడాల్సిన సమయం కాదది. అయినా పడ్డాను. పురుగును చూసి అంత ముచ్చటగా నవ్వే మనిషిని నేనెక్కడా చూడలేదు.

అంతలోనే ఆమె నవ్వు ఆగిపోయింది. "దీని గుడ్లు తిండితో లోపలికెళ్ళి ఒంట్లో ఎక్కడైనా చేరతాయి. మెదడులో కూడా. రేపు తల స్కాన్ చేద్దాం. మీ ఇంట్లో ఎవరి కడుపులోనైనా పెద్దపురుగు ఉందేమో చూడాలి. మీదీ అమ్మగారిదీ డబ్బాల్లో తెండి."

"ఏది?"

"మలం," అంది మొహమాటం లేకుండా.

తల బాగుంటే ఈవిడకు నా మనసులో మాట చెప్పేయాలి, లేకపోతే నోరు మూసుకోవాలి అని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను.

ఇంట్లో అమ్మకు అసలు మాట చెప్పలేక నసిగాను. "డాక్టర్‌గారు నిన్ను పొద్దున్నే డబ్బా తెమ్మన్నారమ్మా."

మర్నాడు అమ్మ ఆమె టేబుల్ మీద స్టీలు డబ్బా పెట్టింది. డాక్టర్ గ్లౌజులు తొడుక్కుంది.

"ఇవాళ్టిదేనా అండీ?"

"పొద్దున్నే చేశానమ్మా. ఇంకా వేడిగానే ఉంది."

"ఇంత అక్కర్లేదు, చెంచాడు చాలు."

"చెంచాడు తింటే ఏం సరిపోతుంది? నువ్వసలే బక్కపిల్లవి."

డాక్టర్ మూత తీసింది. కూర. గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వింది. సంగతి తెలిశాక అమ్మ ఆ మూతతోనే నా వీపు మీద ఒక్కటిచ్చింది.

స్కాన్ మిషన్‌లో పడుకున్నాక మాత్రం నాకు నవ్వు రాలేదు. చచ్చేంత భయమేసింది. బయటికొచ్చేసరికి డాక్టర్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉందా?" అన్నాను.

"లేదు. తలలో ఏమీ లేదు."

"నేను చిన్నప్పట్నుంచీ అదే అంటున్నా," అంది అమ్మ. ఇందాక కొట్టిన చోటే నా వీపు నిమిరింది.

"మరి మీ కళ్ళేంటండీ అలా ఉన్నాయి?"

"భయపడ్డాను. పేషెంట్ కోసం ఇంత భయపడకూడదు. అందుకే మీ కేసు మా సీనియర్‌కి ఇచ్చేశాను. మందులు ఆయనే రాస్తారు."

"అయితే నేనిక మీ పేషెంట్‌ని కాదు. మీరంటే నాకిష్టం. పురుగు తల చూపించినప్పట్నుంచీ."

"ఛీ. ఇంత అసహ్యంగా నాకెవరూ ప్రపోజ్ చెయ్యలేదు."

చెయ్యి చాచాను. అమ్మ మర్యాదగా గోడ వైపు తిరిగింది. డాక్టర్ నా అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కడుక్కున్నారా?"

"సబ్బుతో. గోళ్ళు కూడా."

"అయితే నాక్కూడా ఇష్టమే," అని చెయ్యి పట్టుకుంది.