భవాని పేట్ కరెంటు దొంగ

"సాక్షి మాయమైతే కేసు మాయమైనట్టే," అన్నాడు చీఫ్. "సోమవారం స్నేహ ముంబయి కోర్టులో నిలబడాలి. అంతవరకూ నువ్వు ఆమె నీడవి."

ఏజెంట్ ప్రాజక్తకు పిస్టల్ ఇచ్చారు, చెవిలో ఇమిడిపోయే రిసీవర్ ఇచ్చారు. అసలు షరతు మాత్రం స్నేహ పెట్టింది.

"నేను ఏడ ఉండి వచ్చిన్నో మా గల్లీకి తెల్వొద్దు అక్కా. తెలిస్తే నేను కోర్టుకే రాను."

ప్రాజక్త మాటిచ్చింది. హోటల్ ఉద్యోగమని నమ్మించి, ఆర్కిడ్ అనే విదేశీ ముఠా ఆ పిల్లను సముద్రం దాటించి అమ్మేసింది. రెండేళ్లకు ఎలాగో తప్పించుకుని వచ్చింది. పూణేలో టవల్ కంపెనీ పని మానేసి వచ్చిందని సోలాపూర్‌లో వాళ్లుండే భవాని పేట్ అనుకుంటోంది.

వారం నుంచి ప్రాజక్త, స్నేహ తల్లి శాంతకు చెల్లెలి కూతురి వేషంలో గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతోంది. సగం బీడీలను కార్ఖానావాళ్లు తిప్పి పంపారు. సోలాపూర్ మగ్గాల మధ్య పెరిగినా బీడీ మాత్రం ఆమె చేతికి లొంగలేదు.

ముఠాలో చీఫ్‌కు ఒక మనిషి ఉంది, సారిక. నల్ల గాగుల్స్, ఎర్ర లిప్‌స్టిక్, మనిషికంటే ముందు వచ్చే సెంటు వాసన. ఒకప్పుడు తననూ అలాగే అమ్మారని చీఫ్‌తో చెప్పిందట. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లను ప్రాజక్త నమ్మదు. కానీ స్నేహ కోసం డెస్మండ్ అనేవాడు వస్తున్నాడని కబురు పంపింది సారికే. వాడు గల్లీలో దిగగానే సారిక తన మైకులో "ఆకు నానింది" అని గుర్తు మాట చెప్పాలి. కొంతం చౌక్ దగ్గర మఫ్టీలో ఉన్న టీమ్ వచ్చి పడాలి.

శనివారం మధ్యాహ్నం గల్లీలో తెల్ల కారు ఆగింది. సూటులో డెస్మండ్ దిగాడు, వెనకే సారిక. రిసీవర్లో పవర్‌లూమ్‌ల మోత తప్ప ఏమీ వినిపించలేదు. ముంబయి ఏసీ గదిలో మైకును పరీక్షించిన పెద్దలకు ఈ గల్లీ సంగతి తెలియదు మరి.

సారిక గాగుల్స్ తీసి, ప్రాజక్త వైపు చూస్తూ పెదవులు కదిపింది. మగ్గాల మోతలో పెరిగినవాళ్లకు పెదవులు చూసి మాట పట్టడం అలవాటే. ఆకు నానింది.

ప్రాజక్త టీమ్‌కు మెసేజ్ కొట్టింది. చౌక్‌లో ట్రాఫిక్ జామ్ అని జవాబొచ్చింది.

ఈలోగా డెస్మండ్ గుమ్మంలో బీడీలు చుడుతున్న స్నేహకు తన ఫోన్ తెరిచి చూపించాడు. అరిస్తే ఈ ఫొటోలు గల్లీ అంతా చూస్తుందని వచ్చీరాని హిందీలో అన్నాడు. అదీ ప్రాజక్త వాడి పెదవుల మీదే చదివింది. స్నేహ చేట పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని వాడి వెంట నడిచింది. లోపల పొయ్యి దగ్గరున్న శాంతకు ఏమీ తెలియదు.

పిస్టల్ తీస్తే వాడు ఫోన్ మీద వేలు నొక్కుతాడు. కేకవేస్తే గల్లీకి నిజం చెప్పాలి. అప్పుడు స్నేహకిచ్చిన మాట పోతుంది. స్నేహ ఒక కాలు కారులో పెట్టింది.

ప్రాజక్త పరిగెత్తి, గల్లీ షెడ్లన్నిటికీ కరెంటు వెళ్లే గోడ పెట్టె తెరిచి మెయిన్ స్విచ్ లాగేసింది.

గల్లీ మూగబోయింది. భవాని పేట్‌లో మోతకు ఎవరూ బయటికి రారు, మోత ఆగితే వస్తారు. నేసిన కొద్దీ కూలి దొరికేవాళ్లకు మగ్గం ఆగితే పూట గడవదు. తలకంటిన దూది దులుపుకుంటూ ప్రతి షెడ్డులోంచి జనం వచ్చి కారు చుట్టూ మూగారు. అందరికంటే ముందు ముసలి నేతగాడు రాజయ్య.

"లైట్ పోయిందా ఏంది?"

"పోలే మామా, తీసిండు," అని ప్రాజక్త డెస్మండ్‌ను చూపించింది. "గీ సూటాయనే. నా కండ్లతోటి చూసిన."

డెస్మండ్ పని దొంగకు తేలు కుట్టినట్టయింది. స్విచ్ ముట్టుకోలేదనాలంటే గల్లీకి ఎందుకొచ్చాడో చెప్పాలి. జేబులోంచి ఫోన్ తీయబోయాడు. సారిక దాన్ని లాక్కుని, చీఫ్ ఇచ్చిన సిగ్నల్ చొరబడని సంచిలో వేసి జిప్పు బిగించింది. వాడు ఆమె చెంప పగలగొట్టాడు.

"ఆడిపిల్ల మీద చెయ్యి లేపుతవా?" రాజయ్య వాడి కాలరు పట్టుకున్నాడు. టీమ్ వచ్చేదాకా వదలలేదు.

ఇంట్లోకి రాగానే స్నేహ తలుపు దగ్గరికి వేసింది.

"ఎవ్వరికి తెల్వలే కదా అక్కా?"

"తెల్వలే."

తప్పు చేసినవాడు సూటు వేసుకుని తిరుగుతుంటే ఈ పిల్ల మొహం దాచుకోవాలి. ఆ ఫోన్లో ఇంకా ఎందరు అమ్మాయిల ఫొటోలున్నాయో తెలియదు. వాచిన చెంపతో గుమ్మంలో కూర్చున్న సారికకు ప్రాజక్త చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అనుమానించినందుకు క్షమించమని అడగడం ప్రాజక్తకు చేతకాదు.

సోమవారం తలుపులు మూసిన కోర్టు గదిలో స్నేహ అంతా చెప్పింది. లైట్ తీసిన కేసులో సాక్ష్యానికి వెళ్లిందని గల్లీ అనుకుంది. తిరిగొచ్చిన రోజు రాజయ్య షెడ్డు బయట ఆమెను ఆపాడు.

"ఆనికి శిక్ష పడ్తదా బిడ్డా?"

"పడ్తది తాతా."

"పదేండ్లన్న పడాలె. నా చద్దరు సగంల ఆగింది."

స్నేహ చాలా రోజుల తర్వాత నవ్వింది. సోలాపూర్ కరెంటు తీయడానికి విమానమెక్కి వచ్చిన దొంగ గురించి ఆ గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.