మీకు కొవ్వెక్కువ

"మీకు కొవ్వెక్కువున్నది."

ల్యాబ్ కిటికీలోంచి వచ్చిన మాటకు మహేందర్ బిత్తరపోయాడు. యాభై రెండు కిలోల మనిషి. చొక్కా వంకెకు తగిలించినట్టు వేలాడుతుంది.

"ఏం మాట మేడమ్ గది? నేను మిమ్మల్నేమన్న అన్ననా?"

"రిపోర్టుల ఉన్నదే చెప్తున్న. మొత్తం కొలెస్ట్రాల్ నూట ఎనభై, మంచిగనే ఉన్నది. కానీ ట్రైగ్లిజరైడ్స్ రెండు వందల నలభై. మంచి కొలెస్ట్రాల్ ముప్పై రెండే. ట్రైగ్లిజరైడ్స్‌ను దీంతోని భాగిస్తే ఏడున్నర. మూడు దాటొద్దు. గిట్లుంటే గుండె చుట్టూ కొవ్వు పట్టి ఉండొచ్చు. డాక్టర్‌కు చూపెట్టుండ్రి."

"కండ లేనోనికి కొవ్వెక్కడిది!"

బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. మహేందర్ రిపోర్టు అక్కడే వదిలేసి వానలోకి నడిచాడు.

అతని బాపు కూడా ఇంతే సన్నం. నలభై రెండేళ్లకు చెరుకు రసం మిషన్ పక్కనే కూలిపోయాడు. బక్కోనికి గుండెపోటేందని అందరూ ముక్కున వేలేసుకున్నారు. బతికున్నప్పుడు పరీక్షకు తీసుకుపోయినవాడు ఒక్కడూ లేడు. అందుకే అతన్ని కన్న అవ్వ లింగవ్వ కొడుకును పోరుపెట్టి నిజామాబాద్ ల్యాబ్‌కు పంపింది.

మర్నాడు సాయంత్రం బోధన్ బస్టాండు దగ్గర, అతని చెరుకు రసం బండి ముందు, ల్యాబ్ అమ్మాయే గొడుగు దులుపుతూ నిలబడింది. పేరు నవత. బోధన్ నుంచే రోజూ బస్సులో పనికి పోతుంది.

"రిపోర్టు మర్చిపోయిండ్రు. మీ రసం మీరే రోజుకెన్ని గ్లాసులు తాగుతరు?"

"గిరాకీ లేనప్పుడల్లా."

"గిరాకీ ఎప్పుడుంటది?"

"మీరొచ్చినప్పుడు."

నవత నవ్వలేదు. "మా నాయనకు గూడ మొత్తం కొలెస్ట్రాల్ మంచిగనే ఉండె. కింది అంకెలు ఎవ్వరం సూడలే. గుండెపోటుతోని పోయిండు. గప్పుడు నాకు గవి సదువరాకపోయె. ఇప్పుడొస్తది."

మహేందర్ మిషన్ ఆపాడు.

"శక్కర ఫ్యాక్టరీ పేరు మీదున్న బోధన్ శక్కర్‌నగర్ల ఉండి శక్కర బంద్ జేయాల్నా?"

"చేయాలె."

బండి వెనక చెరుకులు చెక్కుతున్న లింగవ్వ తల ఎత్తింది. "జేస్తడు బిడ్డా. చెయ్యకుంటే నాకు జెప్పు."

డాక్టర్ స్కానింగ్ తీయించాడు. నవత అనుమానం నిజమే, గుండె చుట్టూ కొవ్వుంది. పొద్దున్నే నడవమన్నాడు, తీపి మానమన్నాడు.

ఆనాటి నుంచి నవత బస్సు దిగగానే ముందు అతని గ్లాసు చూసేది.

"తడిగున్నది. తాగిండ్రా?"

"కడిగిన."

"ఏదీ, వాసన చూడనియ్యుండ్రి."

"పోలీసోళ్లన్న నయం మేడమ్!"

ఆమె రాని రోజున బస్సులన్నీ ఖాళీగా వచ్చినట్టుండేది అతనికి.

నాలుగు నెలలు గడిచాయి. మళ్లీ అదే కిటికీ.

"ట్రైగ్లిజరైడ్స్ నూట ఇరవై ఆరు. మంచి కొలెస్ట్రాల్ నలభై రెండు." నవత కాలిక్యులేటర్ అక్కర్లేకుండానే చెప్పింది. "మూడు."

"అంటే గుండె చుట్టూ జాగా అయినట్టే గదా?"

"కొంచెం అయి ఉండొచ్చు."

"ఖాళీగ ఎందుకుంచుడు? మీరుండరాదు?"

బెంచీ మీదివాళ్లు ఈసారీ నవ్వారు. నవత ఎర్రబడిన మొహంతో రిపోర్టు అతని చేతిలో కుక్కింది.

"నీకు కొవ్వు ఇంకా తగ్గలే."

మహేందర్ అంకెలు చూడనే లేదు. నాలుగు నెలల 'మీకు' పోయి 'నీకు' వచ్చింది.

"ఆరింటి బస్సుకొస్త," అంది నవత, కిటికీ సగం మూస్తూ. "మన సంగతి అవ్వకు చెప్పి పెట్టు."