వ్యక్తిగత సంబంధం: అవును

"మీ బంతుల మోత కాస్త ఆపుతారా? ఇక్కడ పిల్లలు చదువుకుంటున్నారు."

ఇన్‌గ్రిడ్ నాతో అన్న మొదటి మాట అది. నేను విస్కాన్సిన్‌లో ఓ చిన్న ఊరి బడిలో ఆటల మాస్టార్ని. పేరు ఎమ్మెట్. ఆమె రెండో తరగతి టీచర్. చదవడంలో వెనకబడ్డ పిల్లల్ని రోజూ అరగంట విడిగా కూర్చోబెట్టుకునేది. ఖాళీ గది లేక, జిమ్ చివర తెర కట్టి ఆమెకిచ్చారు.

"ఇది జిమ్మండీ. బంతులు మోగక ఏం మోగుతాయి?"

"సరే, మోగించుకోండి. వీళ్ళకు చదవడం రాలేదని వీళ్ళ అమ్మానాన్నలకు మీరే వెళ్ళి చెప్పండి."

మర్నాటి నుంచి ఆ అరగంటా యోగాసనాలు వేయించాను. నాకు యోగా రాదు. ఆ సంగతి పిల్లలకు మొదటి రోజే తెలిసిపోయింది.

అలా రెండేళ్ళు తెర ఇవతల నిలబడి ఆమె పాఠం విన్నాను. ఏ పిల్లయినా ఓ మాట దగ్గర ఆగిపోతే ఇన్‌గ్రిడ్ అందించేది కాదు. ఓపిగ్గా కూర్చునేది. పిల్ల తనంతట తాను చదివాక, "ఇప్పుడు చదివిందెవరు?" అని అడిగేది. ఎప్పుడు మనసు పారేసుకున్నానో నాకే తెలియదు. చెప్పే ధైర్యం మాత్రం లేదు. మూడుసార్లు కలిసి కాఫీ తాగాం, అంతే.

ఈ ఫిబ్రవరిలో ఆమె, వెనకబడ్డ పిల్లలకు చదవడం నేర్పే రీడింగ్ స్పెషలిస్ట్ కోర్సుకు అప్లికేషన్ పెట్టింది. వచ్చే ఏడు మా బడిలో ఆ ఉద్యోగం పడుతోంది. కోర్సులో సీటు ఉంటేనే ఇస్తారు. పాఠం చెప్పగా చూసినవాళ్ళు ముగ్గురు సిఫారసు ఉత్తరాలు రాయాలి. ఇద్దరు రాశారు. మూడో ఆవిడ మా పాత ప్రిన్సిపాల్ ఆల్మా పెడర్సన్ గారు. రిటైరై, గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె పెట్టుకుని చేపలు పడుతున్నారు. అక్కడ ఫోన్ పనిచేయదు. ఉత్తరాలకు గడువు చివరి రోజు వచ్చేసింది. బయట మంచు తుఫాను, సరస్సు దాకా వెళ్ళే వీల్లేదు.

"నువ్వు రాయి," అంది ఇన్‌గ్రిడ్.

"నేనా? ఆటల మాస్టార్ని!"

"రెండేళ్ళుగా తెర పక్కన నిలబడి వింటున్నావుగా. నాకు తెలీదనుకున్నావా? నీ ఉత్తరం నేను చూడనని ఫారంలో టిక్కు పెట్టేశా. ఉన్నదున్నట్టు రాయి."

ఉన్నదున్నట్టే రాశాను. చివర ఓ ప్రశ్న: అభ్యర్థితో మీకు వ్యక్తిగత సంబంధం ఏమైనా ఉందా? చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. కాదంటే అబద్ధం. 'అవును' నొక్కి పంపేశాను.

పది రోజుల తర్వాత ఆమె ఫోన్ పట్టుకుని జిమ్‌లోకి దూసుకొచ్చింది.

"వ్యక్తిగత సంబంధం ఉందన్నావట! నీ ఉత్తరం పక్కన పెట్టేశారు. వారంలో ఇంకోటి పంపకపోతే అప్లికేషనే చూడరట. మూడు కాఫీలకే సంబంధమా?"

"ఉన్నదున్నట్టు రాయమన్నావు కదా."

"ఏముందని?"

"బండెక్కు. ఆల్మా గారి దగ్గరికి వెళ్దాం," అన్నాను.

సరస్సు మీద బండి నడిపేటప్పుడు బెల్టు పెట్టుకోం, అద్దాలు దించేస్తాం. మంచు పగిలితే దూకాలి కదా. ఆ చలిగాలిలో దారి పొడుగునా ఆమె నావైపు చూడనే లేదు. ఆ కొత్త ఉద్యోగం చేజారితే నావల్లే చేజారుతుంది. ఆ తెర వెనక వేరెవరో కూర్చుంటారు.

గుడిసెలో ఆల్మా గారు మంచుకు వేసిన కన్నంలోంచి గాలం తీయకుండానే అంతా విన్నారు.

"ఏమబ్బాయ్, 'కాదు' అంటే సరిపోయేదిగా?"

"అబద్ధమయ్యేదండీ. నాకు ఇన్‌గ్రిడ్ అంటే ప్రాణం. తనకి తెలీదు. తను కష్టపడి తెచ్చుకునే సీటు నా అబద్ధం మీద నిలబడకూడదనుకున్నా. చివరికి నేనే అడ్డం పడ్డాను."

ఇన్‌గ్రిడ్ చేతి తొడుగుల వైపే చూస్తూ నిలబడింది.

"ఏమ్మా, నువ్వేమంటావు?" అన్నారు ఆల్మా గారు.

"ముందు ఉత్తరం రాయండి మేడమ్," అంది ఇన్‌గ్రిడ్.

ఆవిడ గాలం చుట్టేసి మాతో ఊళ్ళోకి వచ్చి, ఆ సాయంత్రమే రాసి పంపారు. తర్వాత నెల రోజులు ఇన్‌గ్రిడ్ నాతో పలకరింపుల వరకే ఉంది. నేనూ అడగలేదు.

ఏప్రిల్ మొదటి శుక్రవారం, మా వైపు శుక్రవారాలు జరిగే చేపల విందులో ఊరంతా ఉంది. ఆల్మా గారి బల్ల దగ్గర నేను కూర్చుని ఉంటే ఇన్‌గ్రిడ్ వచ్చి పక్క కుర్చీ లాక్కుంది.

"సీటొచ్చింది."

నా కళ్ళు చెమర్చాయి. ఏదో అనబోయాను.

"ఆగు. సీటు తేలకముందే జవాబు చెప్పి, తీరా అది రాకపోయుంటే ఆ కోపం మన మధ్యే ఉండిపోయేది. అందుకే ఆగా," అంది. "ఆ ఫారం ఇప్పుడు నా చేతికిస్తే నేనూ 'అవును' అనే నొక్కుతాను."

ఆల్మా గారు ఏమీ విననట్టు చేప మీద నిమ్మకాయ పిండుకుంటూ, తన కుర్చీని మాత్రం కాస్త అటు జరుపుకున్నారు.